సంతకం పెట్టే ముందు: బ్యూటీ స్కూలు ఫీజు, ఫెడరల్ సాయం

(టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో తెలుగు మహిళల సమావేశంలో ఒక ఫైనాన్షియల్ ఎయిడ్ కౌన్సెలర్ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పిల్లల్ని ఆడుకోనివ్వండమ్మా, ఆ చప్పుడు నాకేమీ అడ్డం కాదు.

నన్ను రమ్మన్నప్పుడు ఒకే ఒక్క ప్రశ్న చెప్పారు. "బ్యూటీ స్కూల్లో చేరితే ఫీజు గవర్నమెంటే కడుతుందట కదా, నిజమేనా?" ఈ ప్రశ్న నాకు వారం వారం వస్తుంది. కొందరి విషయంలో నిజమే. కానీ ఎవరికి, ఎంత, అందులో ఉచితం ఎంత, అప్పు ఎంత? ఈ నాలుగూ తెలియకుండా స్కూలు కాంట్రాక్టు మీద సంతకం పెట్టొద్దు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ సంతకానికి ముందు చూసుకోవాల్సిన సంగతులే.

ముందు కష్టమైన మాట చెప్పేస్తాను. చివరిదాకా ఆశపెట్టి చెప్పడం నాకు ఇష్టం లేదు. ఇక్కడ హెచ్-4 వీసా మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగి భార్యగా వచ్చినవాళ్లు ఎంతమంది? చేతులు ఎత్తండి. సగం మంది ఉన్నారు. ఫెడరల్ సాయం, అంటే తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంట్ గానీ ఫెడరల్ లోన్లు గానీ, హెచ్-4 వాళ్లకు రాదు. హెచ్-1బీ వాళ్లకు రాదు, ఎల్-2కి రాదు, ఎఫ్-1కి రాదు. సిటిజన్లకూ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకూ, శరణార్థులలాంటి మరికొన్ని వర్గాలకూ మాత్రమే వస్తుంది. ఐ-140, అంటే గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్, అప్రూవ్ అయింది కదా అంటారు. అయినా రాదు. ఈఏడీ, అంటే పని చేసే అనుమతి కార్డు, ఉంది కదా అంటారు. ఉన్నా రాదు. గ్రీన్ కార్డు చేతికి రావాలి. మన క్యూ ఎంత పొడవో మీకు నేను చెప్పాలా?

మరి హెచ్-4 మీద చదువుకోవచ్చా? హాయిగా చదువుకోవచ్చు. సొంత డబ్బుతో. దానిలో కొంత వెనక్కి తెచ్చుకునే దారి ఒకటుంది, చాలామంది వాడుకోరు. లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ అంటారు. ఫెడరల్ సాయానికి అర్హత ఉన్న స్కూల్లో కట్టిన ఫీజులో, మొదటి 10,000 డాలర్ల మీద 20 శాతం, అంటే ఏడాదికి 2,000 డాలర్ల దాకా మీరు కట్టాల్సిన టాక్సులో తగ్గుతుంది. స్కూలుకు ఆ అర్హత ఉండాలి, మీకు ఫెడరల్ సాయం రాకపోయినా పర్లేదు. 2026 టాక్సు ఏడాది నుంచి ఈ క్రెడిట్‌కు సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతున్నారు, అది లేనివాళ్లు ముందు టాక్సు నిపుణుణ్ని అడగండి. టాక్సు లెక్కలో మీరు రెసిడెంట్లు అయి ఉండాలి, భార్యాభర్తలు కలిపి ఫైల్ చేయాలి. ఇద్దరి ఆదాయం కలిపి 160,000 దాటితే తగ్గుతూ వచ్చి, 180,000 దగ్గర పూర్తిగా పోతుంది. ఫీజు కట్టినట్టు చూపే 1098-టీ ఫారం స్కూలు ఇస్తుంది. అది పారేయకుండా దాచండి.

ఇంకొక మాట కూడా ఇక్కడే చెప్పాలి. చదవడం వేరు, పని చేయడం వేరు. ఈఏడీ లేకుండా ఇంట్లో పక్కింటావిడకు ఫేషియల్ చేసి డబ్బు తీసుకున్నా అది పని కిందే లెక్క. లైసెన్సు వచ్చింది కదా అని మొదలుపెట్టకండి. దయచేసి.

త్రెడ్డింగ్ గురించి అడుగుతున్నారు. అవునండీ, అది చెప్పాలి, ఎందుకంటే ఈ రాష్ట్రంలో దాని కథ మనవాళ్లదే. టెక్సాస్‌లో ఒకప్పుడు కనుబొమ్మలు దారంతో తీయాలన్నా, చర్మ సంరక్షణ నేర్పే 750 గంటల ఎస్తటీషియన్ కోర్సు చేసి లైసెన్సు తెచ్చుకోవాలన్నారు. కొంతమంది త్రెడ్డింగ్ చేసేవాళ్లు కోర్టుకెళ్లారు. పటేల్ వర్సెస్ టెక్సాస్ లైసెన్సింగ్ శాఖ అనే కేసు. 2015 జూన్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు వాళ్ల పక్షాన తీర్పు ఇచ్చింది. దారం, రెండు చేతులు తప్ప ఏమీ వాడని పనికి అన్ని గంటలు, అంత ఫీజు బలవంతంగా రుద్దడం తగదని తేల్చింది. కాబట్టి త్రెడ్డింగ్ ఒక్కటే చేస్తామనుకునేవాళ్లు ఈ రాష్ట్రంలో ఆ 750 గంటలు చదవక్కర్లేదు. దానికోసం అప్పు చేసి స్కూల్లో చేరినవాళ్లను చూశాను, నాకు కడుపు తరుక్కుపోయింది. వ్యాక్సింగ్, ఫేషియల్ మొదలుపెడితే మాత్రం లైసెన్సు కావాల్సిందే. వేరే రాష్ట్రాల్లో రూలు వేరు. న్యూయార్క్‌లో త్రెడ్డింగ్‌కు కూడా లైసెన్సు అడుగుతారు.

ఇప్పుడు గ్రీన్ కార్డు వచ్చినవాళ్లు, సిటిజన్లు. మీరు జాగ్రత్తగా వినండి.

సాయం కావాలంటే ముందు ఫాఫ్సా అనే అప్లికేషన్ నింపాలి. స్టూడెంట్‌ఎయిడ్ డాట్ గవ్ సైట్‌లో ఉంటుంది. పైసా ఖర్చు లేదు. ఎవరైనా నింపిపెడతామని డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. అది నింపాక మీ ఆదాయాన్నీ కుటుంబాన్నీ చూసి ఒక సంఖ్య వస్తుంది. దాన్ని బట్టి పెల్ గ్రాంట్ ఎంతో తేలుతుంది. పెల్ అంటే తిరిగి కట్టక్కర్లేని డబ్బు. 2025-26కు గరిష్ఠంగా 7,395 డాలర్లు.

ఇక్కడ మనవాళ్లు దాదాపు అందరూ తగిలి పడిపోయే రాయి ఒకటుంది. డిగ్రీ. పెల్ గ్రాంట్ ఒకసారి కూడా బ్యాచిలర్ డిగ్రీ పూర్తిచేయనివాళ్లకు. "నాది ఇండియా డిగ్రీ కదా, ఇక్కడ ఎవరూ లెక్కపెట్టరు కదా" అంటారు. ఉద్యోగానికి లెక్కపెట్టకపోవచ్చు. పెల్‌కు లెక్కపెడతారు! బీటెక్ చేసి ఉంటే పెల్ మర్చిపోండి. ఫాఫ్సాలో డిగ్రీ లేదని పెట్టేద్దామా అని కొందరు నన్నే అడుగుతారు. వద్దమ్మా. అది ఫెడరల్ ఫారం. తప్పు చెప్పి తీసుకున్న డబ్బు వెనక్కి కట్టిస్తారు. గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు అలాంటి మచ్చ అసలు తెచ్చుకోకూడదు.

అయితే మూడేళ్ల డిగ్రీ సంగతి వేరు. మీలో బీకామ్, బీఏ, బీఎస్సీ చేసినవాళ్లు ఉన్నారు కదా? బయటి దేశం డిగ్రీ ఇక్కడి బ్యాచిలర్స్‌తో సమానమా కాదా అన్నది స్కూలు నిర్ణయించాలి. సమానం కాదని రాతపూర్వకమైన ఆధారం మీరు తెస్తే, స్కూలు దాన్ని చూసి మీకు బ్యాచిలర్ డిగ్రీ లేనట్టు తేల్చవచ్చు. తేలుస్తుందని నేను హామీ ఇవ్వను. కానీ దాచిపెట్టి కాదు, ముందే చెప్పి, మీ సర్టిఫికెట్లను ఇక్కడి చదువుతో పోల్చి చెప్పే ఇవాల్యుయేషన్ చేయించి అడగండి. అడిగే హక్కు మీకుంది. స్కూలు వాళ్లకే ఈ రూలు తెలియకపోతే ఎయిడ్ ఆఫీసులో పెద్దవాళ్లను అడగమనండి.

ఇంటర్‌తో ఆగిపోయినవాళ్లు, పెళ్లయి చదువు మధ్యలో మానేసి వచ్చినవాళ్లు, మీరు ఇన్నాళ్లూ ఈ గదిలో వెనక వరుసలో కూర్చుంటూ వచ్చారు. పెల్ విషయంలో ముందు వరుస మీదే. ఇంటర్ సర్టిఫికెట్ ఇక్కడి హైస్కూల్ డిప్లొమాతో సమానమని చూపించుకుంటే చాలు. ఆ కాగితం ఊళ్లో బీరువాలో ఉంటే ఇవాళే ఫోన్ చేసి పంపించమనండి.

తర్వాత ఆదాయం. ఫాఫ్సా చూసేది ఈ ఏడాది జీతం కాదు. 2025-26 ఫాఫ్సాకు 2023 టాక్సులు చూస్తుంది. రెండేళ్ల కిందట మీ ఆయన ఐటీలో మంచి జీతంలో ఉన్నారు, ఇప్పుడు లేఆఫ్ అయింది. ఫారం మాత్రం పాత జీతమే చూసి మీకు పెల్ లేదంటుంది. ఎంతమంది ఇళ్లలో ఇదే జరుగుతోందో నాకు తెలుసు. అక్కడితో ఆగిపోకండి. స్కూలు ఎయిడ్ ఆఫీసుకు వెళ్లి, మా పరిస్థితి మారింది, మళ్లీ లెక్క చూడండి అని అడగాలి. లేఆఫ్ లెటరు, ఆఖరి పే స్టబ్ పట్టుకెళ్లండి. విడాకులైనా, భర్త చనిపోయినా, ఆసుపత్రి ఖర్చులు మీద పడినా ఇదే దారి. చట్టం వాళ్లకు ఆ అధికారం ఇచ్చింది. అడగనివాళ్లకు ఎవరూ పిలిచి చెప్పరు. ఉద్యోగం పోయినవాళ్లు మీ కౌంటీ వర్క్‌ఫోర్స్ ఆఫీసును కూడా అడగండి. విఓవా అనే చట్టం కింద శిక్షణ ఖర్చు ఇచ్చే పథకాలుంటాయి. వాళ్ల ఆమోదం ఉన్న స్కూళ్ల జాబితా చూసుకుని చేరాలి.

ఆస్తుల ప్రశ్న వచ్చినప్పుడు కొందరు ఇక్కడి బ్యాంకు బ్యాలెన్సు ఒక్కటే రాస్తారు. హైదరాబాద్‌లో అద్దెకిచ్చిన ఫ్లాటు, ఊరి పక్కన కొన్న స్థలం కూడా ఆస్తే. మీరు ఉండే ఇల్లు, రిటైర్మెంట్ ఖాతాలు అక్కర్లేదు. మిగతావి అడిగినప్పుడు చెప్పాలి.

మన పిల్లల మాట కూడా చెప్పాలి. ఇక్కడ పుట్టిన పిల్లలు సిటిజన్లు. అమ్మానాన్నలు హెచ్-1బీ, హెచ్-4 అయినా పిల్లలకు సాయం వస్తుంది. అమ్మకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేకపోయినా ఫాఫ్సా ఖాతా తెరుచుకోవచ్చు. టాక్సులు కలిపి ఫైల్ చేస్తే తల్లిదండ్రుల్లో ఒక్కరు వివరాలిస్తే చాలు. ఇంత సులభంగా ఉన్నది ఇంట్లో ఎక్కడ ఆగుతుందో తెలుసా? "పార్లర్ పనా?" అన్న దగ్గర ఆగుతుంది. హైస్కూలు అయిపోయిన అమ్మాయి కాస్మెటాలజీ, అంటే జుట్టు, చర్మం, గోళ్ల పని నేర్పే కోర్సు, చేస్తానంటే ఇల్లంతా చావు వార్త విన్నట్టు అయిపోతుంది. ఎందుకండీ? పెళ్లిళ్ల సీజన్‌లో మనమే మేకప్ ఆర్టిస్ట్ దొరక్క ఊరంతా ఫోన్లు చేస్తాం కదా? ఆ అమ్మాయి జుట్టు రసాయనాలు చదువుతుంది, చర్మరోగాలు గుర్తుపట్టడం నేర్చుకుంటుంది, రాష్ట్రం పరీక్ష రాస్తుంది. అది చదువు కాదా? తల్లిదండ్రులు ఫాఫ్సాలో సంతకం పెట్టనంటే, 24 ఏళ్లు రాని పెళ్లికాని అమ్మాయికి పెల్ గ్రాంట్ తేలడమే కష్టం. మీ కోపం ఆ పిల్లను అప్పులోకి తోస్తుంది. ఇది నేను చాలా బాధతో చెబుతున్నాను.

గంటల లెక్క

బ్యూటీ స్కూల్లో సెమిస్టర్లు కాదు, గంటలు లెక్క. టెక్సాస్‌లో పూర్తి కాస్మెటాలజీకి 1,000 గంటలు, ఎస్తటీషియన్‌కు 750, మానిక్యూర్‌కు 600. న్యూజెర్సీలో కాస్మెటాలజీకి 1,200. ఫెడరల్ డబ్బు కూడా గంటల వెంటే నడుస్తుంది.

ఫెడరల్ లెక్కలో కనీసం 900 గంటలైతే ఒక విద్యా సంవత్సరం. 750 గంటల ఎస్తటీషియన్ కోర్సు అంతకంటే తక్కువ కాబట్టి పెల్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. మొత్తం అర్హత ఉన్నవాళ్లకు కూడా 7,395 కాదు, సుమారు 6,160 వస్తుంది. స్కూలు వాళ్లు చేతిరాతతో 7,395 అని రాసిస్తే, ఎలా వచ్చిందండీ అని అడగండి. ఇది కూడా ఒకేసారి రాదు. సగం మొదట్లో. రెండో సగం మీరు 375 గంటలు పూర్తిచేశాకే. 1,000 గంటల కోర్సులో అయితే 450 గంటలు దాటాకే రెండో విడత. పిల్లాడికి జ్వరం, అత్తగారు వచ్చారు, ఊరెళ్లాలి అని గంటలు వెనకబడితే డబ్బూ వెనకబడుతుంది.

మధ్యలో మానేస్తే? ఇది మీరు మర్చిపోకూడదు. ఒక విడత గంటల్లో 60 శాతం దాటకముందే మానేస్తే, ఎంత భాగం గడిచిందో అంత భాగం డబ్బే మీది. 30 శాతం దగ్గర మానేస్తే 70 శాతం వెనక్కి పోతుంది. స్కూలు ఆ డబ్బు గవర్నమెంటుకు తిరిగిచ్చేసి, కాంట్రాక్టు ప్రకారం మీరు ఇంకా బాకీ ఉన్నారని మీకు బిల్లు పంపుతుంది. చదువూ పోయింది, బాకీ మిగిలింది. బిడ్డ పుట్టబోతుంటే, ఇండియా ప్రయాణం ఉంటే, చేరే తేదీనే వెనక్కి జరుపుకోండి. ఒకవేళ చేరిపోయి ఉంటే, ఊరికే రావడం మానేయకుండా ముందే వెళ్లి సెలవుకు రాసివ్వండి.

కాంట్రాక్టులో ఇంకొక గీత వెతకండి. ఫలానా తేదీకి గంటలు పూర్తికాకపోతే, ఆపైన గంటకు ఇన్ని డాలర్లని చాలా స్కూళ్లు రాసుకుంటాయి. ఆ డబ్బు మీ జేబులోంచే. రాత్రి బ్యాచ్‌లో చేరేవాళ్లు ఆ తేదీ మీకు సరిపోతుందా అని వేళ్ల మీద లెక్కపెట్టుకోండి. పనిముట్ల కిట్ ధర ఫీజులో కలిసిందా, విడిగానా, అదీ అడగండి.

అప్పు అప్పే

ఇప్పుడు లోన్ల దగ్గరికొస్తాను. డిగ్రీ ఉన్నవాళ్లకు పెల్ రాకపోయినా లోన్ రావచ్చు. పెళ్లయినవాళ్లు, 24 దాటినవాళ్లు ఇండిపెండెంట్ కింద, అంటే తల్లిదండ్రుల లెక్క లేకుండా, మొదటి ఏడాది 9,500 డాలర్ల దాకా తీసుకోవచ్చు. తక్కువ గంటల కోర్సయితే అదీ తగ్గుతుంది. అందులో 3,500 వరకే సబ్సిడైజ్డ్, అదీ అవసరం ఉందని తేలితేనే. సబ్సిడైజ్డ్ అంటే చదువుకునేటప్పుడు వడ్డీ గవర్నమెంటు భరిస్తుంది. మిగతాదానికి మొదటి రోజు నుంచే వడ్డీ ఎక్కుతూ ఉంటుంది. 2025-26లో ఇచ్చిన లోన్లకు 6.39 శాతం. మొత్తం 9,500 తీసుకుని పదేళ్లలో తీరిస్తే నెలకు సుమారు 107 డాలర్లు. మొత్తం మీద దాదాపు 12,900 కడతారు, చదివేటప్పుడు ఎక్కిన వడ్డీ కాకుండానే. ఇది పెద్ద మొత్తమా? మీ చేతిలో కస్టమర్లుంటే కాదు. కానీ ఈ దేశంలో హెయిర్ స్టైలిస్టుల మధ్యస్థ వేతనం గంటకు 17 డాలర్ల దగ్గరే ఉంది. మొదట్లో అంతకంటే తక్కువే. దానికి తగ్గట్టే అప్పు చేయాలి.

స్కూలు ఇచ్చే ఆఫర్ కాగితంలో పెల్, లోన్లు అన్నీ ఒకే వరుసలో రాసి, కింద "మొత్తం ఎయిడ్" అని కూడేస్తారు. ఆ కూడిక నాకు అస్సలు నచ్చదు. ఇచ్చిన డబ్బూ, తీర్చాల్సిన డబ్బూ కలిపి కూడితే ఏం తెలుస్తుంది మనకు? పెన్ను తీసుకుని లోన్లన్నీ కొట్టేయండి. మిగిలింది మీకు నిజంగా వచ్చే సాయం. ఆఫర్ చేసినంత లోన్ మొత్తం తీసుకోవాలని ఎక్కడా లేదు. 9,500 ఇస్తామంటే మాకు 3,000 చాలండీ అనొచ్చు. ఇంటి ఖర్చులకు మిగులుతుంది కదా, తీసుకోండి అని ఎవరైనా అంటే వినొద్దు.

స్కూలు ఎలా ఎంచుకోవాలి? ఫెడరల్ సాయం రావాలంటే ఆ స్కూలుకు గుర్తింపు ఉండాలి. బ్యూటీ స్కూళ్లకు ఎక్కువగా నాకాస్ అనే సంస్థ గుర్తింపు ఇస్తుంది. కానీ గుర్తింపు ఉంది, ఫెడరల్ డబ్బు వస్తోంది అంటే మంచి స్కూలని అర్థం కాదు. మారినెల్లో స్కూల్స్ ఆఫ్ బ్యూటీ అని పెద్ద సంస్థ ఉండేది. 2016 ఫిబ్రవరిలో విద్యాశాఖ దాని చాలా క్యాంపసులకు ఫెడరల్ డబ్బు ఆపేసింది, కొద్దిరోజుల్లోనే సంస్థ మూతపడింది. జుట్టు కత్తిరించడంలాంటి ముఖ్యమైన పని కూడా సరిగ్గా నేర్పలేదని విద్యాశాఖే తేల్చింది. 2022లో అక్కడ చదివిన 28,000 మంది అప్పులు, 238 మిలియన్ డాలర్లు, రద్దు చేశారు. మూతపడిన ఆరేళ్లకు! ఈ ఆరేళ్లూ ఆ అమ్మాయిలు ఆ అప్పు నెత్తిన పెట్టుకునే తిరిగారు కదా?

అందుకని కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే గవర్నమెంటు సైట్‌లో స్కూలు పేరు కొట్టి చూడండి. ఎంతమంది పూర్తిచేస్తున్నారు, తర్వాత ఎంత సంపాదిస్తున్నారు, ఎంత అప్పుతో బయటికొస్తున్నారు, అన్నీ ఉంటాయి. తర్వాత మీ దగ్గర్లోని కమ్యూనిటీ కాలేజీలో కాస్మెటాలజీ ఉందేమో చూడండి. చాలా చోట్ల ఉంది. ప్రైవేటు స్కూలు ఫీజు కంటే బాగా తక్కువ, ఒక్కోసారి పెల్ డబ్బుతోనే చాలా మటుకు గడిచిపోతుంది. అద్దాల గోడలు, ఇన్‌స్టాగ్రామ్ లైట్లు ఉండవు. రాష్ట్రం ఇచ్చే లైసెన్సు మాత్రం ఒకటే.

ఆ చివర కూర్చున్న ఆవిడ ఏదో అడుగుతున్నారు. గట్టిగా చెప్పండమ్మా. సరే. "మా ఆయనకు న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చేలా ఉంది, ఇక్కడ చేరిపోనా?" మంచి ప్రశ్న. ఇక్కడ 1,000 గంటలు చేసి అక్కడికెళ్తే 1,200 అడిగే లైసెన్సు బోర్డు ముందు నిలబడాలి. మిగతా గంటలకు మళ్లీ స్కూలు, మళ్లీ ఫీజు పడొచ్చు. చేసిన గంటలన్నీ కొత్త స్కూలు తీసుకోవాలనీ లేదు. మీ ఆయన ఉద్యోగం తేలేదాకా ఆగండి. ఈలోగా ఇంటర్ సర్టిఫికెట్ ఇవాల్యుయేషన్ చేయించుకోండి, అది ఏ రాష్ట్రంలోనైనా పనికొస్తుంది.

ఫాఫ్సా ఖాతా తెరవాలనుకునేవాళ్లు భోజనాలయ్యాక ఈ బల్ల దగ్గరికి రండి. లాప్‌టాప్ తెచ్చాను. 2024 టాక్సు కాగితాలుంటే 2026-27ది ఇక్కడే మొదలుపెట్టుకోవచ్చు. స్కూలు కాంట్రాక్టు తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే, సంతకం పెట్టనివాళ్లు ముందు రండి.